నడినెత్తి నక్షత్రాలకు నులక మంచం

ఆకాశం చూసేవారి సరంజామా అనగానే టెలిస్కోపు, దాని అద్దం వెడల్పు, అది ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపుతుందన్న లెక్క గుర్తుకొస్తాయి. చూసే అలవాటును నిలబెట్టే వస్తువులు మాత్రం చాలావరకు వేరే: ఒక కుర్చీ, ఒక మంచం, ఎర్ర వెలుగిచ్చే టార్చిలైటు, రాసుకోవడానికి ఏదో ఒకటి. వీటిలో ఏదీ నక్షత్రాన్ని దగ్గరికి తేదు. చూసే మనిషిని మాత్రం ఇంకాసేపు అక్కడే ఉంచుతుంది. ఔత్సాహిక ఖగోళ పరిశీలనలో ఆ కాసేపటికి ఉన్న విలువ చాలా పెద్దది.

పశ్చిమ ప్రకాశంలోని పొదిలి లాంటి ఊళ్లో ఈ మాట ఇంకా బాగా వర్తిస్తుంది. పొదిలి దాదాపు 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. రోహిణి నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు ఉత్తరాన 16.5 డిగ్రీల దూరంలో ఉంటుంది. అంటే పొదిలి మీదుగా సాగేటప్పుడు అది నడినెత్తికి ఒక డిగ్రీ లోపునే, చందమామ వెడల్పుకు రెండింతలు మించని ఎడంలో వెళుతుంది. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక దాన్ని సరిగ్గా తల మీద చూడవచ్చు. మే నెల మధ్యలో రాత్రి పదకొండు ప్రాంతంలో స్వాతి కూడా నడినెత్తికి మూడున్నర డిగ్రీల దూరంలోకి వస్తుంది. రోహిణి కార్తె ఎండలు పశ్చిమ ప్రకాశంలో తెలియనివారు ఉండరు. కానీ ఆ కార్తెలో సూర్యుడు రోహిణి దాపునే ఉంటాడు కాబట్టి నక్షత్రం వెలుగులో కలిసిపోయి కనిపించదు. దాన్ని చూడాల్సింది చలికాలంలోనే.

నెత్తిమీది నక్షత్రాలు చూడటానికి చాలా అనువైనవి. అక్కడ మన చూపుకు అడ్డుపడే గాలి పొర అన్నిటికంటే పలచన, ఊరి దీపాల కాంతి, దుమ్ము కూడా తక్కువ. చిక్కల్లా మెడతోనే. నిలబడి తల వెనక్కి వాల్చిన మనిషి నిమిషం, రెండు నిమిషాలకే తల దించేస్తాడు. చేతిలో బైనాక్యులర్ ఉంటే అంతసేపు కూడా ఉండలేడు. అందరికీ తగినదని చెప్పే 10×50 బైనాక్యులర్ ముప్పాతిక కిలో నుంచి కిలో దాకా బరువుంటుంది. అది దృశ్యాన్ని పది రెట్లు పెద్దది చేసినట్టే చేతి వణుకునూ పది రెట్లు పెద్దది చేస్తుంది.

మిద్దె మీద నులక మంచమో నవారు మంచమో వేసుకుంటే ఈ బాధ తీరుతుంది. తల వైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి కాస్త ఎత్తు చేయాలి. వెల్లకిలా పడుకుని మోచేతుల కింద చెరో దిండు పెట్టుకుంటే బైనాక్యులర్ బరువు భుజాల మీద పడదు, వణుకూ చాలావరకు తగ్గుతుంది. కృత్తికల్లో మామూలు కంటికి ఆరేడు నక్షత్రాలు కనిపిస్తే, కుదురుగా పట్టుకున్న బైనాక్యులర్లో కొన్ని పదులు కనిపిస్తాయి. పొలంలోనో కల్లంలోనో చూసేవారికి మంచంతో మరో మేలుంది: తేళ్లు, పాములు తిరిగే నేల మీద పడుకోనక్కరలేదు.

ఎక్కువసేపు చూస్తే ఎక్కువ కనిపించడానికి కారణం కంటి నిర్మాణంలో ఉంది. చీకట్లోకి వచ్చాక మసక వెలుగును పట్టే కణాలు పూర్తిగా పదును తేరడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ కణాలు రెటీనా నట్టనడుమ ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే మసకబారిన నక్షత్ర గుచ్ఛాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపును కొంచెం పక్కకు తిప్పితే తేలి వస్తుంది. ఈ ఓరచూపు ఒక్క రాత్రిలో పట్టుబడే విద్య కాదు. ఒళ్లు హాయిగా ఉన్నవాడికే అది అబ్బుతుంది. గ్రహాల విషయంలో కారణం వేరు. పై గాలి కదులుతూ ఉండటం వల్ల గురుగ్రహం మీది పట్టీలు అస్తమానం చెదురుతుంటాయి. గాలి నిలకడగా ఉండే ఘడియ క్షణకాలమే వస్తుంది. అది వచ్చినప్పుడు కన్ను ఐపీస్ (టెలిస్కోపులో కంటికి ఆనించే కటకం) దగ్గర ఉండాలి.

టెలిస్కోపు కొన్నవారికి కుర్చీ అవసరం ఇక్కడే తెలిసొస్తుంది. చాలా అద్దం టెలిస్కోపుల్లో ఐపీస్ గొట్టం పై చివర ఉంటుంది కాబట్టి నడినెత్తికి గురిపెడితే అది పైకి పోతుంది, దిగువకు వాలిస్తే కిందికి వస్తుంది. ఒకే ఎత్తు స్టూలు రెంటికీ సరిపోదు. అగస్త్య నక్షత్రం పొదిలిలో ఎంత పైకొచ్చినా దక్షిణ దిక్కున సుమారు 22 డిగ్రీల ఎత్తు దాటదు. రోహిణిని చూసి దానివైపు తిరిగితే నడుం వంచక తప్పదు. వాలుగా నిలబెట్టిన రెండు కర్రలకు గాళ్లు కొట్టి, పీటను ఏ గాడిలో కావాలంటే ఆ గాడిలో తగిలించేలా వడ్రంగి చేత చేయించుకుంటే చాలు. అదీ కుదరనప్పుడు ప్లాస్టిక్ స్టూళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, తీస్తూ పెడుతూ కూర్చోవచ్చు. ఖరీదైన రెండో ఐపీస్ కొనే ముందు ఈ పీట చేయించుకోవడమే మంచిది.

ఎర్ర టార్చిలైటు సంగతి వేరు. చీకటికి అలవాటుపడిన కణాలకు ఎర్ర కాంతి పట్టదు, తెల్ల కాంతి మాత్రం అరగంట కష్టాన్ని క్షణంలో పోగొడుతుంది. మామూలు టార్చికి ఎర్రటి పలచని కాగితం రెండు మూడు పొరలు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే పని జరుగుతుంది. ఇందులో అనుకోని మేలొకటి ఉంది. ఎర్ర వెలుగులో నక్షత్ర పటం చదవడం కాస్త కష్టం. అందువల్ల ఏది చూడాలో, దాని పక్కన ఏముందో పగలే చూసుకుని మిద్దె ఎక్కడం అలవాటవుతుంది. తెల్లగా మెరిసే ఫోను కింద ఇంట్లోనే ఆగిపోతుంది.

రాసుకునే వస్తువు అన్నిటికంటే లోతుగా పనిచేస్తుంది. చూసినదాన్ని గీయాలనుకున్నవాడు చూడకుండా వదిలేసినదాన్ని వెతుక్కుంటాడు: ఈ రెండు నక్షత్రాల్లో ఏది పెద్దది, మూడోది వాటి వరుసలో ఉందా, పక్కకు ఉందా అని. ఈ పనికి మార్కాపురం పలక ఎంతో అనుకూలం. నల్ల పలక మీద బలపంతో పెట్టిన తెల్ల చుక్కలు ఆకాశంలో ఉన్నట్టే ఉంటాయి, తెల్ల కాగితం మీదైతే చుక్కలు నల్లగా పడతాయి. గాలికి పేజీలు ఎగరవు, మంచుకు నానవు. తెల్లవారాక తేదీ, సమయం, ఊరు, ఆకాశం ఎంత తేటగా ఉందో చేర్చి నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. సమయం లేని పరిశీలన ఎవరికీ పనికిరాదు.

ఈ క్రమశిక్షణకు తెలుగునాట పాత వారసత్వం ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంతంగా వేధశాల నెలకొల్పారు. 1856లో ఆయన మరణించాక దాన్ని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటుతుండగా నరసింగరావు అక్కడి నుంచి పరిశీలించారు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా చేర్చుకుంది. శుక్రుడి అంచు సూర్యుడి అంచును తాకే క్షణాన్ని వేర్వేరు చోట్ల నుంచి గుర్తిస్తే సూర్యుడి దూరం తేల్చవచ్చన్నది ఆనాటి ఖగోళ శాస్త్రవేత్తల ఆశ. అలాంటి పనికి టెలిస్కోపుతో సమానంగా సరైన గడియారం, దాని పక్కన రాసే చెయ్యి కావాలి.

నేటి పరిశీలకుడికి అలాంటి అవకాశం మంచం మీద నుంచే దొరుకుతుంది. ఆర్ద్ర నక్షత్రం మామూలుగా రోహిణి కంటే ప్రకాశంగా ఉంటుంది. 2019 చివర్లో అది మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరి నాటికి రోహిణి కంటే స్పష్టంగా తగ్గిపోయింది. నక్షత్రం వెళ్లగక్కిన పదార్థం ధూళి మేఘంగా మారి కాంతికి అడ్డొచ్చిందని తర్వాత తేలింది. ఆ తేడా తెలియడానికి ఏ అద్దమూ అక్కరలేదు. అంతకుముందు కొన్ని రాత్రులు ఆర్ద్రను రోహిణితో పోల్చి రాసి ఉంటే చాలు. ఇలా వెలుగు మారే నక్షత్రాల పరిశీలనలను 1911లో ఏర్పడిన అమెరికా చరకాంతి నక్షత్ర పరిశీలకుల సంఘం నేటికీ ప్రపంచమంతటా ఉన్న ఔత్సాహికుల నుంచి సేకరిస్తోంది.

చోటు విషయానికొస్తే, నల్లమల చీకటి ఎంత ఊరించినా పులుల అడవిలోకి రాత్రిపూట పోకూడదు. వీధిదీపం నేరుగా కంట్లో పడని మిద్దె, లేదా ఊరి బయటి పొలం సరిపోతుంది. దక్షిణం వైపు చెట్లు లేకపోతే ఇంకా మంచిది. మే నెల రాత్రుల్లో 27 డిగ్రీల ఎత్తుకు వచ్చే ఒమేగా సెంటారి గుచ్ఛం బైనాక్యులర్లో గుండ్రని మసక మచ్చగా దొరుకుతుంది. లక్షల నక్షత్రాల ఈ గుచ్ఛం ఐరోపాలో చాలాచోట్ల అసలు ఉదయించదు. వానాకాలం మబ్బులు పట్టాక బైనాక్యులర్‌ను సిలికా జెల్ పొట్లాలతో మూత బిగిసే డబ్బాలో పెట్టాలి, లేకపోతే కటకాలకు బూజు పడుతుంది.