సమితి ఆఫీసు నుంచి క్వీన్స్ దాకా

"సార్, మీ ఉద్యోగం గానీ పోయిందా?" అని అడిగాడతను. న్యూయార్కు నగరంలోని క్వీన్స్‌లో ఒక బేస్‌మెంటు గదిలో ఉంటూ హోటల్లో వంట చేసే తెలుగువాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం మానుకొని, అద్దెదారుల సంఘం పెడదాం రమ్మంటూ తలుపులు తట్టేవాడికి ఇంకే కారణం ఉంటుంది? పోలేదు, నేనే మానేశానన్నాను. నమ్మలేదు.

ఆ అపనమ్మకానికి భౌతికమైన పునాది ఉంది. మన వలస కథల్లో ఉద్యోగం మారడమంటే మనసు మారడం. నిజానికి ముందు మారవలసింది వీసా. 1990 నాటి చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసా మనిషిని యజమానికి కట్టేస్తుంది. చదివిన చదువుకు నేరుగా సంబంధించిన పనే చేయాలంటుంది. ఇంజనీరింగు పట్టా చేత పట్టుకొని అద్దెదారులను కూడగడతానంటే ఒప్పుకోదు. కోటా గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించకూడదన్న పరిమితి వల్ల భారతదేశంలో పుట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఆ కట్టులోనే ఉండిపోతారు. నేను 1999లో వచ్చాను. కార్డు 2010లో చేతికందింది. ఆ పదకొండేళ్లూ నా అభ్యుదయం పుస్తకాల బీరువా దాటి రాలేదు. అప్పులు తీరి, చెల్లెలి పెళ్లయి, కార్డు వచ్చాకనే నాకు అంతరాత్మ మాట వినిపించింది! దీన్ని త్యాగమని చెప్పుకుంటే ఆ వంటమనిషి ముందు నిలబడలేను. మానేసే స్వేచ్ఛ అతనికి లేదు.

జీతం సగమైందని ఫోన్లో చెబితే నాన్న బాధపడలేదు, నవ్వాడు. "ఒరేయ్, నేను ముప్పై ఏళ్లు చేసి విడిచిన పనే గదరా ఇది!" నాన్న సమితిలో గ్రామసేవక్‌గా చేరినవాడు. 'కమ్యూనిటీ డెవలప్‌మెంట్' అనే మాట మా ఇంటికి ఆయన సైకిలు మీదే వచ్చింది.

ఆ నవ్వు వెనక చరిత్ర ఉంది. న్యూయార్కులో అపార్టుమెంట్లు కట్టిన ఆల్బర్ట్ మేయర్ అనే ఆర్కిటెక్టు, నెహ్రూ ప్రోత్సాహంతో 1948లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటావాలో గ్రామాభివృద్ధి ప్రయోగం మొదలుపెట్టాడు. ఆ నమూనాతో 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులుగా దేశవ్యాప్త పథకం ఆరంభమైంది. అమెరికా ప్రభుత్వమూ ఫోర్డ్ ఫౌండేషనూ డబ్బిచ్చాయి. తేదీలు గమనించాలి. తెలంగాణ సాయుధ పోరాట విరమణ జరిగింది 1951 అక్టోబరులో. ఈ పథకం కమ్యూనిజానికి ప్రజాస్వామిక ప్రత్యామ్నాయమని అప్పటి అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్ దాచకుండానే చెప్పాడు. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ, ఈ పథకం ప్రజల్లో చొరవ పుట్టించలేకపోయిందని తేల్చింది. ఎందుకు పుట్టలేదో నాన్నకు కమిటీ చెప్పనక్కరలేదు. మేలురకం విత్తనాలకూ యూరియాకూ ముందు పొలం ఉండాలి. ఆయన సైకిలు మునసబుగారి అరుగు దగ్గర ఆగేది. కూలిజనం వాడలోకి వెళితే ఇవ్వడానికి సంచిలో పొగరాని పొయ్యి బొమ్మ తప్ప ఏమీ ఉండేది కాదు.

అమెరికా నగరాల్లోనూ అదే వరస. నల్లజాతి పేటలను ప్రభుత్వ పటాల మీద ఎర్రరంగుతో గుర్తించి, ఇంటి అప్పు పుట్టకుండా చేసింది 1930లలో. 1964 నుంచి ఆ పేటలు తిరగబడ్డాయి. అదే ఏడాది పేదరికంపై యుద్ధమని చట్టం వచ్చింది. 1967లో బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫోర్డ్-స్టైవెసంట్‌లో సమాజాభివృద్ధి సంస్థ వెలిసింది. తిరుగుబాటు వెనకే పథకం. పేటల అప్పు అవసరాలు బ్యాంకులు తీర్చాలన్న 1977 చట్టం మాత్రం షికాగో గేల్ సింకోటా వంటి ఇరుగుపొరుగు ఆడవాళ్లు పోరాడి తెచ్చింది. ఆ చట్టం పుణ్యాన ఇవాళ మా జీతాల్లో కొంత బ్యాంకులే ఇస్తాయి. ఈ ఇబ్బంది గురించి మా ఆఫీసులో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇంతకూ మేం చేసే పనేమిటి? న్యూయార్కులో 1974కు ముందు కట్టిన, ఆరు వాటాలు అంతకు మించి ఉన్న భవనాల్లో చాలావాటికి అద్దె నియంత్రణ ఉంది. ఇన్నేళ్లుగా ఎంత అద్దె నమోదైందో అద్దెదారు రాష్ట్ర గృహశాఖ నుంచి తెప్పించుకోవచ్చు. ఆ ఒక్క కాగితం అడిగించడానికి నాలుగుసార్లు మెట్లెక్కాలి. అడిగితే ఇంటివాడు ఇమ్మిగ్రేషను వాళ్లను పిలుస్తాడని భయం. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, పగటిపూట బయట 55 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గితే ఇంట్లో 68 ఉండి తీరాలి. ఒక చలికాలం ఒక భవనంలో బాయిలరు చెడింది. పాత అలవాటు కొద్దీ నేను ఫోన్లో నింపే పట్టిక తయారుచేశాను. ఒక్కరూ నింపలేదు. మూడో అంతస్తు బంగ్లాదేశ్ గృహిణి, కొడుకు బడి నోటుబుక్కు పట్టుకొని రోజూ రెండుపూటలా తొమ్మిది వాటాలు తిరిగి డిగ్రీలు రాసింది, బెంగాలీ అంకెల్లో. ఆ అంకెలు నేర్చుకోవడమే నా వంతు పని అయింది. కోర్టులో చెల్లింది ఆ నోటుబుక్కే.

అయితే ఆ వంటమనిషికి ఇందులో ఏముంది? అతని గది చట్టం లెక్కలో లేదు. "కంప్లెయింట్ ఇస్తే నన్నే ఖాళీ చేయిస్తారు గదా సార్" అన్నాడు. నిజమే. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను వాన ఒక గంటలో మూడు అంగుళాలకు పైగా కురిసిన రాత్రి, నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్లలోనే పోయారు. ఆ తర్వాత కూడా అతని ముందున్నవి రెండే దారులు: ఆ గది, లేదా వీధి. నా సంచిలోనూ పొగరాని పొయ్యి బొమ్మే ఉందని అప్పుడు తెలిసింది.

"భూమి ఎవరిదిరా అక్కడ?" అని నాన్న అడుగుతుంటాడు. ఆ ప్రశ్నకూ ఒక ప్రయాణం ఉంది. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో మొదలైన భూదానాన్ని మనవాళ్లు పోరాటం మీద చల్లిన నీళ్లుగానే చూశారు, సబబుగానే. కానీ దాన్నుంచి వచ్చిన గ్రామదాన భావనను, జార్జియా రాష్ట్రంలో పౌరహక్కుల కోసం పోరాడుతున్న నల్లజాతివాళ్లు తమ అవసరానికి తీసుకున్నారు. 1969లో న్యూ కమ్యూనిటీస్ పేరుతో సంస్థ పెట్టి 5 వేల ఎకరాలకు పైగా ఉమ్మడిగా కొన్నారు. ఎవరి దానం కోసమూ చూడలేదు. అప్పుల విషయంలో ఫెడరల్ వ్యవసాయశాఖ వివక్ష చూపింది. 1985లో భూమి పోయింది. 2009లో పరిహారం వచ్చింది. నేల ఉమ్మడిది, అమ్మకానికి లేదు అన్న ఆ పద్ధతిలోనే న్యూయార్కులో కొన్ని భవనాలు నడుస్తున్నాయి. మా భవనానికీ అది కుదురుతుందా అని ఇప్పుడు సమావేశాలు పెడుతున్నాం.

మొన్నటి సమావేశానికి వంటమనిషి వచ్చి వెనక కూర్చున్నాడు. బేస్‌మెంట్ల సంగతి ఎజెండాలో ఉందా అని అడిగాడు. లేదు. అప్పటికప్పుడు ఆఖరి అంశంగా చేర్చాం. అక్కడికి వచ్చేసరికి అతని డ్యూటీ టైమయింది.