విమానపు నమూనా

పిల్లవాడు అరుగుమీద వెదురు చీల్చుకొనుచు కూర్చుండిన, చదువు మాని యీ బొమ్మలేలయని మనము గద్దించుట కలదు. అది విమానపు బొమ్మయైనచో, గద్దించుటకు ముందు దాని తూకమెంతయని వానిని అడుగుడని నా మనవి.

నమూనా యనగా చూపునకు పోలియుండు బొమ్మ మాత్రము కాదు. అసలు విమానపు కొలతలన్నిటిని ఒకే పాలున తగ్గించి కట్టినది. 1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలో కిట్టీహాక్ చెంత రైటు సోదరులు ఎగురవేసిన విమానమునే తీసికొందము. దాని రెక్కల నిడివి 40 అడుగుల 4 అంగుళములు. ఇరువదవ పాలు చేసిన 24 అంగుళములకు కొంచెము పైన. ఇంతవరకు సులభమే. కాని రెక్కల వైశాల్యము 400వ పాలగును; తూకము 8000వ పాలునకు దిగవలెను. మనిషి ఎక్కక ఆ విమానము 274 కిలోగ్రాములు తూగెను. మన నమూనా 34 గ్రాములు, అనగా ఇంచుమించు మూడు తులములు, మాత్రమే తూగవలెను! నాయొద్ద చదివిన బాలురు ఈ లెక్క విని మొదట నవ్విరి. కత్తి చేతబట్టిన పిదప నవ్వలేదు. ఏలయన, అంగుళము మందపు కర్ర అంగుళములో 20వ పాలగును. వ్రేలు తగిలిన విరుగును. లావు చేసితిమా, తూకము పెరుగును.

కావున కొయ్యను ఎన్నుకొనుటయే సగము పని. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి తేలికైనది. గాలిమరలు దానితో చెక్కవచ్చును. రెక్కల అంచులకు వెదురే తగును. సన్నగా చీల్చి దీపపు సెగపై మెల్లగా వంచిన, చల్లారిన పిమ్మట వంపు నిలుచును. ఆ వంపు గల రెక్క గాలిని క్రిందికి మరలించును. అందుకు బదులుగా గాలి రెక్కను పైకెత్తును. అసలు రెక్కకు మస్లిను బట్ట కప్పిరి. మనకు గాలిపటపు కాగితము చాలును. అంటించి నీరు చిలుకరించిన, ఆరునపుడు బిగియును. అతిగా తడిపిన రెక్కయే మెలిదిరుగును.

యంత్రమునకు బదులు మెలిపెట్టిన రబ్బరు. 1871లో పారిసునందు పెనో యను నాతడు రబ్బరుతోనే చిన్న విమానమును ఎగురవేసెను. 1878లో తండ్రి తెచ్చియిచ్చిన రబ్బరు బొమ్మయే రైటు సోదరులకు ఈ ఆసక్తి పుట్టించినది.

ఇక నొక చిక్కు. ఆ విమానము స్వభావముచేతనే నిలకడ లేనిది. చోదకుడు ముందున్న చుక్కానిని అనుక్షణము సరిదిద్దుచుండెను. మన నమూనాలో చోదకుడు లేడు గదా! కావున ముక్కున కొంచెము సీసము చేర్చి గరిమనాభిని ముందునకు జరుపవలెను. దానివలన తూకము కొంత పెరుగును, తప్పదు. గాలి లేని యుదయమున, కోసిన చేనిలో, రబ్బరు మెలిపెట్టకయే చేతితో మెల్లగా విడిచి చూడవలెను. ముక్కెత్తి పడిన మరికొంత సీసము. ముక్కు దించి పడిన కొంత తీసివేయవలెను. చక్కగా జారి నేల తాకునంతవరకు రబ్బరు జోలికి పోరాదు.