ఆ పసికందు ఏ సంఘానిది?

పెళ్లయి ఏళ్లు గడిచినా ఒడి నిండని దంపతులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. మిర్యాలగూడ నుంచి హాలియా వెళ్లే దారిలోని నిడమనూరు వంటి ఊళ్లలో ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ వెళ్లేదాకా ఆగి పాస్టరుగారిని వాళ్లు మెల్లగా అడిగే మాట ఒకటుంది: ‘అయ్యగారూ, బిడ్డను పెంచుకోవాలనుకుంటున్నాం. మన విశ్వాసులు నడిపే ఆశ్రమం ఏదైనా ఉందా?’ కథోలిక కుటుంబమైతే సిస్టర్లు నడిపే గృహం కోసం వాకబు చేస్తుంది. బిడ్డ మన విశ్వాసంలో పెరగాలన్న కోరికలో తప్పు లేదు. అయితే ఆ విశ్వాసాన్ని ఎక్కడ వెదుకుతున్నామన్నదే ప్రశ్న.

ఒకప్పుడు మన దేశంలో క్రైస్తవులకు దత్తత చట్టమే లేదు. 1956 నాటి చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే వర్తిస్తుంది. మనవాళ్లు 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు. మైనారిటీ తీరగానే చట్టం దృష్టిలో ఆ బంధం ముగిసేది. కన్నబిడ్డలా పెంచినా అమ్మానాన్నలు కాలేని వేదన అది. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం, దానికి 2006లో చేసిన సవరణ ఆ తలుపు తెరిచాయి. ఏ మతంవారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇప్పుడున్న 2015 చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. ‘క్రైస్తవులకు దత్తత చెల్లదు’ అని ఇంకా అనుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇప్పుడు పేరు నమోదు చేసుకోవాల్సింది కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ వెబ్‌సైట్‌లోనే. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి కుటుంబ పరిస్థితులు పరిశీలించి నివేదిక రాస్తారు. ఆ తర్వాత మన వంతు కోసం వేచి ఉండాలి. బిడ్డ ఏ శిశుగృహం నుంచి వస్తుందో మన చేతిలో ఉండదు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం జిల్లా కలెక్టరుది.

ఈ మార్పులు అందరికీ సులువు కాలేదు. ఒంటరివారు, విడాకులు పొందినవారు కూడా దత్తత తీసుకునేందుకు వీలిచ్చే నిబంధనలు 2015లో వచ్చినప్పుడు, అది తమ మనస్సాక్షికి విరుద్ధమంటూ మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ సిస్టర్లు దేశంలో దత్తత సేవ నుంచి తప్పుకున్నారు. వారి నిర్ణయంతో ఏకీభవించినా లేకపోయినా, ఆ నిజాయితీని మనం గౌరవించాలి. అయితే విశ్వాసాన్ని బట్టి సంస్థను వెదుక్కునే కుటుంబానికి ఒక దారి మూసుకుపోయింది.

దారి లేదనుకున్నప్పుడే అడ్డదారి కనబడుతుంది. ‘ఫలానా నర్సింగ్ హోంలో బిడ్డ ఉంది, ఖర్చులు పెట్టుకుంటే చాలు’ అని ఎవరో చెబుతారు. ప్రార్థనకు జవాబు వచ్చిందని మనం సంతోషిస్తాం. ఒక్కసారి దేవరకొండ వైపు చూద్దాం. 1999లోను, 2001లోను తెలంగాణలోని లంబాడా తండాల నుంచి పేద తల్లుల ఆడశిశువులను కొని దత్తత కేంద్రాలకు చేర్చిన ఉదంతాలు బయటపడ్డాయి. దేవరకొండ ప్రాంతపు తండాలూ అందులో ఉన్నాయి. కేసుల్లో చిక్కుకున్న సంస్థల్లో క్రైస్తవ పేర్లు పెట్టుకున్నవీ ఉన్నాయి. ఈ మాట రాయడానికి మనకు సిగ్గుగా ఉంది. బోర్డు మీద పేరు విశ్వాసానికి హామీ కాదు.

అందుకే సంస్థ మతాన్ని కాదు, దాని సత్యాన్ని అడుగుదాం. దానికి ప్రభుత్వ గుర్తింపు ఉందా? బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు ఉంచారా? కన్నతల్లి ఇష్టపూర్వకంగా అప్పగించి ఉంటే, మనసు మార్చుకోవడానికి చట్టమిచ్చిన 60 రోజులూ ఆమెకు దక్కాయా? నిర్ణయించిన రుసుముకు మించి అడుగుతున్నారా? బిడ్డను అమ్మినా కొన్నా 5 ఏళ్ల వరకు కఠిన జైలుశిక్ష ఉంది. ఆ శిక్ష లేకపోయినా, మరో తల్లి కన్నీటి మీద మన ఊయల కట్టుకోవడం ప్రభువుకు ఇష్టం కాదు. పాస్టర్లు, సంఘ పెద్దలు కూడా మధ్యవర్తులు కావద్దు. సరైన దారి చూపించండి చాలు.

మోషే పెరిగింది ఎక్కడ? దేవుణ్ణి ఎరుగని ఫరో ఇంట్లో. పాలిచ్చి పెంచిన తల్లి ఒడి అతడిలో విశ్వాసాన్ని నాటింది. తల్లీతండ్రీ లేని ఎస్తేరును మొర్దెకై కుమార్తెగా చేసుకున్నాడు (ఎస్తేరు 2:7). విశ్వాసం బిడ్డతోపాటు వచ్చే వస్తువు కాదు. మన ఇంటి ప్రార్థనలో, మన నడతలో అది బిడ్డకు దొరకాలి. శిశుగృహం నుంచి వచ్చే పసికందు ఏ సంఘానిదీ కాదు, దేవునిది.

ఇక మన సంఘాల వంతు. ఆ బిడ్డ వచ్చిన రోజున ‘ఎవరి బిడ్డో’ అన్న గుసగుస మన బల్లల మీద వినిపించకూడదు. మనలో ఎవరమూ పుట్టుకతో దేవుని ఇంటివాళ్లం కాము. దత్తపుత్రాత్మ పొందినవాళ్లమని పౌలు మనకు గుర్తు చేశాడు (రోమా 8:15). మనల్ని చేర్చుకున్న తండ్రి మన వంశం అడగలేదు. ఆ తండ్రి పిల్లలమైన మనం ఒక పసికందును ఎలా అడుగుతాం?