హైవే మీద గుర్రాన్ని దించకుండా ఉండాలంటే

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పెళ్ళిళ్ళలోనూ ఇప్పుడు బరాత్ గుర్రం కనిపిస్తోంది. పెళ్ళికొడుకు ఎక్కే ఆ గుర్రం ఊరి బయటి రాంచ్ నుంచి పికప్ ట్రక్కుకు తగిలించిన ట్రైలర్‌లో, హైవే మీదుగా వస్తుంది. దాదాపు 500 కిలోల బరువు, చిన్న చప్పుడుకే బెదిరే స్వభావం. అలాంటి జీవాన్ని తీసుకెళ్ళేటప్పుడు వెంట ఏమేం ఉండాలన్న విషయంలో ఏళ్ళ తరబడి గుర్రాలు పెంచుతున్నవాళ్ళలో కూడా అపోహలు ఉన్నాయి. కారుకు సరిపోయే సరంజామా ట్రైలర్‌కూ సరిపోతుందనుకోవడమే చాలావాటికి మూలం.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ టైరుకు సంబంధించింది. పంక్చరైతే ముందు గుర్రాన్ని కిందికి దించాలి, తర్వాతే జాకీ వేయాలి అనుకుంటారు. పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే గుర్రాన్ని తాడు పట్టుకుని నిలబెట్టడం ఎవరి తరం? అది చేయి జారిందంటే దాని ప్రాణంతో పాటు వెనక వచ్చే కార్లలోని వాళ్ళ ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి. నిజానికి చాలా ట్రైలర్లకు రెండు ఇరుసులు ఉంటాయి, అంటే ఒక్కో పక్క రెండేసి చక్రాలు. వీటికి ఏటవాలుగా ఉండే చిన్న ర్యాంపు ఒకటి చాలు. ముందుగా పంక్చరైన చక్రం నట్లను కాస్త వదులు చేయాలి. చక్రం గాల్లోకి లేచాక ఆ పని చేయబోతే నట్టుతో పాటు చక్రమూ తిరుగుతుంది. తర్వాత దాని పక్కనున్న మంచి టైరు ముందు ర్యాంపు పెట్టి, ట్రక్కును అంగుళం అంగుళం కదపాలి. మంచి టైరు ర్యాంపు ఎక్కగానే పంక్చరైన చక్రం నేలను వదిలేస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి స్టెప్నీ మార్చుకోవచ్చు. అంతసేపూ గుర్రం లోపలే గడ్డి నములుతూ ఉంటుంది.

ట్రక్కు స్పానరే ట్రైలర్ నట్లకూ పడుతుందన్న నమ్మకం కూడా సరికాదు. రెండింటి సైజులూ వేరుగా ఉండొచ్చు. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒక నట్టు విప్పి చూడాలి. మార్చిన చక్రం నట్లను సుమారు 80 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ బిగించాలి.

గాళ్ళు అరగలేదు కాబట్టి టైరు కొత్తదేనని సంబరపడేవాళ్ళు టైరు పక్కన ముద్రించిన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చదవాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. ట్రైలర్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో కదలకుండా పడి ఉంటాయి. రబ్బరు అరగకుండానే బీటలు తీస్తుంది. స్టెప్నీకీ అదే గతి. దానిలో గాలి చూసేవాళ్ళు చాలా తక్కువ, అందుకే గేజీ ట్రక్కులోనే ఉండాలి.

ఆగినప్పుడు హజార్డ్ లైట్లు వేస్తే చాలదు. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్ల మీద ఆగిన వాణిజ్య ట్రక్కులు వెనక 10, 100, 200 అడుగుల దూరాల్లో మెరిసే త్రికోణాలు పెట్టాలని అమెరికా ఫెడరల్ నిబంధన. సొంత గుర్రాన్ని తీసుకెళ్ళేవాళ్ళూ ఇదే పాటించడం మేలు. ఎండుగడ్డి ఉన్న చోట మండే ఫ్లేర్లు వద్దు.

‘సేఫ్టీ చైన్లు ఉన్నాయి కదా, ట్రైలర్ ఊడినా భయం లేదు’ అన్నది మరో మాట. చైన్లొక్కటే చాలవు. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్ ముందు భాగంలో చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ట్రైలర్ ఊడిపోతే ట్రక్కుకు కట్టిన సన్నని కేబుల్ పిన్నును లాగేస్తుంది, ఆ బ్యాటరీ కరెంటుతో బ్రేకులు పడతాయి. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఈ ఏర్పాటంతా అలంకారమే. కేబుల్‌ను చైనుకు చుట్టేసినా దాని ప్రయోజనం పోతుంది.

మందుల పెట్టె విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గుర్రం బెదిరితే ఒక మత్తు ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందని కొందరు ఏస్‌ప్రోమజీన్ వెంట పెట్టుకుంటారు. ఆ మందు రక్తపోటును తగ్గిస్తుంది. ప్రమాదంలో రక్తం పోతున్న గుర్రానికో, షాక్‌లోకి జారుతున్న గుర్రానికో దాన్ని ఇస్తే ప్రాణం పోవచ్చు. పైగా మత్తులో ఉన్న గుర్రం కదిలే బండిలో కాళ్ళ మీద నిలదొక్కుకోలేదు. పశువైద్యులు చెప్పకుండా ఇవ్వాల్సిన మందు కాదది. పెట్టెలో నిజంగా ఉండాల్సినవి థర్మామీటర్, స్టెతస్కోప్, సెలైన్, గాజు గుడ్డ, సాగే బ్యాండేజీ, గిట్టకు చుట్టడానికి చిన్నపిల్లల డైపర్. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, ఒంటి వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. ఈ రెండు అంకెలూ కొలిచి ఫోన్లో చెప్పగలిగితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

గుర్రం తలకు తొడిగే హాల్టర్ గట్టి నైలాన్‌దే మంచిదన్నది కూడా పొరపాటే. గుర్రం కాలు జారి పడినప్పుడు నైలాన్ తెగదు, మెడ పట్టేస్తుంది. తోలుదైతే తెగుతుంది. అవసరమైతే తాడు కోయడానికి పదునైన కత్తి డ్రైవరు చేతికందే చోట ఉండాలి. తాడు మరీ కురచగా కట్టినా ముప్పే. గంటల తరబడి తల దించలేని గుర్రం ఊపిరితిత్తుల్లోని కఫాన్ని బయటికి తోసుకోలేదు. ప్రయాణం తర్వాత వచ్చే ప్రమాదకరమైన న్యుమోనియాకు ఇదొక ముఖ్య కారణం. నీళ్ళు దారిలో ఎక్కడైనా దొరుకుతాయి, కానీ కొత్త వాసన తగిలితే చాలా గుర్రాలు ముట్టవు. రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగే జంతువు కాబట్టి ఇంటి నీళ్ళే క్యాన్లలో నింపుకోవాలి.

రోడ్డు సాయం మెంబర్‌షిప్ ఉంటే చాలనుకోవడానికి లేదు. మామూలు ప్లాన్లలో చాలావాటికి కారుతోనే సంబంధం, లోపల గుర్రమున్న ట్రైలర్‌ను ముట్టుకోవు. షరతులు ముందే చదువుకోవాలి. రాష్ట్రం దాటేవాళ్ళకు పశువైద్యుల ఆరోగ్య ధ్రువపత్రం, రక్తహీనత కలిగించే వైరస్ లేదని తేల్చే కాగిన్స్ పరీక్ష ఫలితం సాధారణంగా తప్పనిసరి. వీటితో పాటు ఉండాల్సిన ఇంకో కాగితాన్ని చాలామంది మరిచిపోతారు. యాక్సిడెంట్లో డ్రైవరు స్పృహ తప్పితే గుర్రానికి చికిత్స చేయమని ఎవరు చెప్పాలి, ఖర్చు ఎవరు భరించాలి, తాత్కాలికంగా ఎక్కడ ఉంచాలి అన్నవి రాసి, సంతకం చేసి, ఫోన్ నంబర్లతో సహా ట్రక్కులో ఒక ప్రతి, ట్రైలర్ తలుపు లోపలి వైపు ఇంకో ప్రతి అంటించాలి.