కంట్లో చిలక్కొయ్య

కమలాపురం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల ఇంటి గచ్చు దగ్గర్నుంచి చేని గట్టు దాకా నాపరాయే. గనుల్లో ఆ రాయిని పలకలుగా లేపేవాళ్లకు ఎప్పుడూ ఒక భయం ఉంటుంది. అది ఉలి మీద సమ్మెట పడ్డప్పుడు లేచే పెచ్చు. ఆ పెచ్చు కన్ను చీల్చుకుని లోపలికి పోనక్కర్లేదు, గట్టిగా తగిలితే చాలు. కనుపాప వెనక ఉండే కటకం కొన్నాళ్లకు తెల్లబడొచ్చు. దాన్ని పట్టి ఉంచిన పోగులు తెగితే పక్కకు ఒరగొచ్చు, ఒక్కోసారి కంటి అడుక్కు జారిపోనూవచ్చు. ఎద్దు కొమ్ము, కంపముల్లు, దీపావళి టపాకాయ కూడా ఈ పని చేయగలవు.

మామూలు శుక్లం ఆపరేషన్‌కీ దీనికీ తేడా ఇక్కడే. కటకం ఒక పారదర్శకమైన సంచిలో ఉంటుంది. ఆ సంచిని చుట్టూ వందలాది సన్నని పోగులు కంటి లోపలి గోడకు కట్టి ఉంచుతాయి. వయసుతో వచ్చే శుక్లానికి డాక్టరు సంచి ముందు భాగంలో గుండ్రటి రంధ్రం చేసి, మబ్బు పట్టిన గుజ్జు తీసేసి, అదే సంచిలో ప్లాస్టిక్ లెన్సు పెడతాడు. సంచి వెనక గోడ మందం మిల్లీమీటరులో వెయ్యింట నాలుగు వంతులు. అంత పల్చటి పొర లెన్సును జీవితాంతం మోస్తుంది. ఆ సంచే చిరిగినా, పోగులే తెగినా? గోడ లేని ఇంట్లో చిలక్కొయ్య ఎక్కడ కొట్టాలి? లెన్సును కనిపెట్టడానికి పట్టిన కాలం కన్నా, దాన్ని ఎక్కడ తగిలించాలో తేల్చుకోవడానికి పట్టిన కాలమే ఎక్కువ.

లెన్సు పుట్టుక కథ చాలామందికి తెలిసిందే, కొంచెం తప్పుగా. రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాల పైలట్ల కళ్లలో అద్దం ముక్కలు గుచ్చుకోవడం చూసి లెన్సు కనిపెట్టారని చెబుతుంటారు. ఆ కథకు మూలమైన గోర్డన్ క్లీవర్ 1940 ఆగస్టులో గాయపడింది హరికేన్ విమానంలో. గుచ్చుకున్నవీ గాజు ముక్కలు కావు, పైకప్పు తాలూకు పర్‌స్పెక్స్ ప్లాస్టిక్ ముక్కలు. గాజే అయితే ఏమయ్యేదో గానీ, ఈ ముక్కల్ని కన్ను పెద్దగా రభస చేయకుండా లోపలే ఉంచుకుంది. చికిత్స చేసిన హెరాల్డ్ రిడ్లీ దాన్ని గుర్తు పెట్టుకున్నాడు. కొన్నేళ్లకు శుక్లం ఆపరేషన్ చూస్తున్న స్టీవ్ పెర్రీ అనే విద్యార్థి, తీసేసిన కటకం చోట ఇంకొకటి పెట్టరా అని అడిగాడు. 1949 నవంబరు 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో 45 ఏళ్ల మహిళ కంట్లో రిడ్లీ తొలి ప్రయత్నం చేశాడు. లెన్సు శాశ్వతంగా కూర్చున్నది 1950 ఫిబ్రవరి 8న.

చూపు మాత్రం లెక్క తప్పింది. ఆమెకు మైనస్ 18 పవర్ అద్దాలు కావాల్సి వచ్చాయి. సహజ కటకం వంపునే దాదాపుగా అనుకరించారు గానీ, ప్లాస్టిక్ వెలుగును అంతకన్నా ఎక్కువగా వంచుతుంది. అది సరిదిద్దగలిగిన పొరపాటే, సరిదిద్దారు కూడా. అసలు చిక్కు ఇంకోటి. ఆ లెన్సు గుండ్రటి బరువైన బిళ్ల, దానికి చేతుల్లేవు. శుక్లం తీసేశాక మిగిలిన పొర మీద ఊరికే కూర్చునేది. కొందరి కళ్లలో జారి వెనకనున్న జెల్లీలో పడిపోయింది. బ్రిటన్‌లో పెద్ద పేరున్న స్టీవార్ట్ డ్యూక్-ఎల్డర్ 1951లో రిడ్లీ రోగుల్ని చూడడానికి కూడా ఒప్పుకోలేదు. రిడ్లీకి సర్ బిరుదు 2000లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయాడు.

వెనక నిలవకపోతే ముందు పెడదాం అని 1950ల్లో ఫ్రాన్స్‌లో బారోన్, ఇటలీలో స్ట్రాంపెల్లి అనుకున్నారు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర కార్నియాకూ, దాని వెనక కనుపాప చుట్టూ ఉండే రంగు తెర ఐరిస్‌కూ మధ్య సందులో లెన్సు ఇరికించారు. అప్పటికి బాగానే ఉండేది. ఏళ్లు గడిచాక లెన్సు రాపిడికి కార్నియా లోపలి కణాలు చచ్చిపోయి, నల్లగుడ్డు మసకబారేది. ఒకసారి పోయిన ఆ కణాలు మళ్లీ పుట్టవు. తరవాత నెదర్లాండ్స్‌లో బింక్‌హోర్స్ట్ ఐరిస్‌నే పట్టుకొమ్మ చేశాడు. అదే దేశానికి చెందిన యాన్ వోర్స్ట్ 1978లో ఎండ్రకాయ డెక్కల్లా ఐరిస్‌ను చిన్నగా గిల్లి పట్టుకునే లెన్సు తెచ్చాడు. అమృత్‌సర్ డాక్టరు దల్జీత్ సింగ్ దాన్ని మన దేశంలో పట్టుబట్టి వాడి, సవరించాడు. ఆ డెక్కల లెన్సు ఈనాటికీ బతికే ఉంది, ఇప్పుడు ఎక్కువగా ఐరిస్ వెనక వైపు నుంచి తగిలిస్తున్నారు. 1977లో అమెరికాలో స్టీవెన్ షీరింగ్ లెన్సుకు వంపు తిరిగిన రెండు తీగ చేతులు పెట్టాడు. రిడ్లీ బిళ్లకు లేనిది అదే. ఆ చేతులు సంచిలో తన్నిపట్టి నిలబడతాయి. సంచి ఉన్నవాళ్ల సమస్య దాంతో దాదాపు తీరిపోయింది.

సంచి లేనివాళ్లు మన దగ్గర లక్షల్లో ఉండేవాళ్లు. దానికి కారణం గాయాలు కావు, ఆపరేషన్లే. అప్పటి క్యాంపుల్లో శుక్లాన్ని సంచితో సహా పెకలించి తీసేవారు. కర్నూలు జిల్లా నుంచి వచ్చి హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పేరు తెచ్చుకున్న డాక్టర్ పి. శివారెడ్డి లాంటివాళ్లు ఊరూరా క్యాంపులు పెట్టి ఆ పద్ధతిలోనే ఎంతోమందికి చూపు తెచ్చారు. అప్పటికున్న వసతుల్లో అంతకన్నా మంచి దారి లేదు, తప్పు పట్టలేం. అయితే లెన్సు లేని కంటికి ప్లస్ 10 సోడాబుడ్డి అద్దాలు తప్పేవి కావు. వాటిలో లోకం పాతిక శాతానికి పైగా పెద్దదై కనపడుతుంది, పక్కనుంచి వచ్చే మనిషి ఉన్నట్టుండి ఎదుట ఊడిపడతాడు. అద్దాలు పగిలితే మళ్లీ గుడ్డితనమే. రెండు కళ్లూ ఆపరేషన్ అయిన ముసలివాళ్లు దీనికి ఎలాగోలా అలవాటు పడ్డారు. ఒక కంటికే రాతి దెబ్బ తగిలిన కూలీకి ఆ దారి కూడా లేదు. ఒక కంటిలో పెద్ద బొమ్మ, ఇంకో కంటిలో మామూలు బొమ్మ పడితే మెదడు రెంటినీ కలపలేదు. అతనికి కంటి లోపల లెన్సు సౌకర్యం కాదు, అవసరం.

1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగొచ్చి, సినీ దిగ్గజం ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, డబ్బుతో హైదరాబాదులో కంటి ఆసుపత్రి తెరిచారు. ఆ సంస్థ 1996 నుంచి 2000 దాకా హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించింది. నూటికి 1.84 మంది అంధులని తేలింది. వాళ్లలో 44 శాతం మందికి కారణం శుక్లమే. ఆ దశాబ్దంలోనే ఇంకో రెండు మార్పులు వచ్చాయి. 1992లో మదురై అరవింద్ సంస్థ వాళ్ల ఆరోల్యాబ్ సొంతంగా లెన్సులు తయారుచేసి, వంద డాలర్ల దరిదాపుల్లో ఉన్న వస్తువును పది డాలర్లకు దించింది. 1994లో ప్రపంచబ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో మొదలైన పథకం ఆపరేషన్లను గుడారాల్లోంచి ఆసుపత్రుల్లోకి, సోడాబుడ్డి నుంచి లెన్సుకు మళ్లించింది. “లెన్సు ఏసినారా, అద్దాలిచ్చినారా?” అని ఊళ్లో ఒకర్నొకరు అడిగిన రోజులవి.

ఇక సంచి లేని కన్ను. ఐరిస్ కూడా దెబ్బతిన్నప్పుడు మిగిలే గట్టి గోడ ఒకటే, కంటి తెల్లగుడ్డు. మొదట లెన్సు చేతుల్ని 10-0 పాలీప్రొపిలీన్ దారంతో దానికి కుట్టారు. వెంట్రుక కన్నా సన్నటి దారం అది. కొన్నేళ్లకు లోపలే పెళుసెక్కి తెగేది, లెన్సు మళ్లీ వేలాడేది. ముడి పైకి పొడుచుకొస్తే క్రిములకు దారి దొరికేది. అరవై ఏళ్లాయనకు ఆ దారం సరిపోతుందేమో, పుట్టుకతోనే పోగులు బలహీనంగా ఉన్న పిల్లాడికి సరిపోదు. లావు దారం వాడారు, గోర్‌టెక్స్ వాడారు. దారమే లేకపోతేనో అన్న ఆలోచన 1997లో ఇటలీలో మ్యాగీ అనే ఇంటిపేరున్న డాక్టర్ల ప్రయోగంతో మొదలై, 2007లో జర్మనీలో గాబర్ షారియోత్ చేతిలో కుదురుకుంది. లెన్సు చేతిని బయటికి లాగి, తెల్లగుడ్డు మందంలోనే సన్నటి సొరంగం చేసి అందులో దూర్చడం ఆ పద్ధతి.

అదే ఏడాది డిసెంబరు 14న చెన్నైలో అమర్ అగర్వాల్ దీనికి జిగురు తోడుచేశాడు. తెల్లగుడ్డు మీద ఎదురెదురుగా రెండు చిన్న తలుపుల్లా పొర లేపి, లెన్సు చేతుల్ని వాటి కిందనుంచి బయటికి తెచ్చి, సొరంగంలో దోపి, మనిషి రక్తం నుంచి తీసిన ఫైబ్రిన్ జిగురుతో తలుపులు మూస్తారు. నిజానికి లెన్సును మోసేది సొరంగం, జిగురు కాదు. జిగురు పొరను మూసి ఉంచుతుంది, కంటి నీరు కారకుండా ఆపుతుంది. జపాన్‌లోని యోకహామాలో షిన్ యమానే జిగురు కూడా వద్దన్నాడు. 30 గేజ్ పల్చని గోడ సూదిని తెల్లగుడ్డులోంచి గుచ్చి, దాని బోలులోకే లెన్సు చేతిని ఎక్కించి బయటికి లాగుతారు. చివరను వేడిచేస్తే అది కరిగి గుండుసూది తలలా ఉబ్బుతుంది. ఆ తలను తెల్లగుడ్డులోకి నొక్కేస్తే లెన్సు జారదు. 2017లో వంద కళ్ల ఫలితాలతో ఆ పద్ధతి అచ్చయింది.

చెప్పినంత సులువు కాదు. రెండు సూదులూ సరిగ్గా ఎదురెదురుగా, ఒకే దూరంలో, ఒకే వాలులో దిగాలి. కొంచెం తేడా వస్తే లెన్సు ఒరిగి, చూపు వంకరపోతుంది. కంట్లో రక్తస్రావం, కంటి వెనక పొర అయిన రెటీనాకు వాపు కూడా రావచ్చు. అందుకే ఏ పద్ధతి గొప్పదన్న వాదన ఇంకా తెగలేదు. అమెరికన్ నేత్ర వైద్య అకాడమీ 2003లోనూ, మళ్లీ 2020లోనూ పరిశోధనలన్నీ కలిపి చూసి, ఒకటి మిగతావాటి కన్నా మేలని చెప్పడానికి రుజువు చాలదనే అంది. నా మట్టుకు నాకు ఈ కొత్త పద్ధతుల గొప్ప ఇంకోచోట కనిపిస్తుంది. వీటికి ప్రత్యేకమైన ఖరీదైన లెన్సు అక్కర్లేదు. బీరువాలో మామూలుగా ఉండే మూడు భాగాల లెన్సు చాలు. కావాల్సింది చెయ్యి తిరిగిన డాక్టరు, జెల్లీని శుభ్రం చేసే విట్రెక్టమీ యంత్రం. సందులో ఇరికించే పాత లెన్సును చౌక అనే ఒకే కారణంతో పడుచువాళ్ల కంట్లో పెట్టడానికి ఇక సాకు లేదు.

దెబ్బ తగిలి ఆపరేషన్ అయ్యాక “లెన్సు పెట్టడానికి వీలు కాలేదు” అని చెప్పి పంపితే అక్కడితో ఆశ వదులుకోవద్దు. రెటీనా, నరం బాగుంటే నెలల తరవాతైనా, ఏళ్ల తరవాతైనా రెండో ఆపరేషన్‌తో పెట్టొచ్చు. పాత కాగితాలు పట్టుకుని పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, తిరుపతిలో అరవింద్ ఉంది, హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ ఉంది. లెన్సు పెట్టించుకున్నాక కంట్లో మెరుపులు, నల్లచుక్కలు, తెర దిగినట్టు నీడ కనపడితే తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు చూపించుకోండి. రాయి పని చేసేవాళ్లు దెబ్బ తగిలిన కన్ను నలపొద్దు, ఆకుపసర్లు పోయొద్దు, పైన గిన్నెలాంటిది అడ్డం పెట్టి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. గని యజమానులు సమ్మెట ఇచ్చే ముందు కళ్లజోడు ఇవ్వండి.