పెరటి కంపలో ఈగల రొద

కడప జిల్లా కమలాపురంలో 1877లో నాటిన విత్తనాలకూ, ఇవాళ ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలో ఇళ్ల వెనక బలిసిన చిల్లకంపకూ చుట్టరికం ఉంది. కట్టెల కరువు తీరుతుందని అప్పటి మద్రాసు ప్రభుత్వ అటవీశాఖ ఆ విత్తనాలను జమైకా నుంచి తెప్పించింది. చిల్లచెట్టు మనది కాదు, అమెరికా ఖండాలది. వాన కురవకపోయినా బతుకుతుంది. ఇసుకైనా సరే, ఉప్పునేలైనా సరే దానికి. మేకలు దాని తియ్యటి కాయలు తిని గింజల్ని పెంటికలతో ఊరూరా పంచిపెట్టాయి. కొన్నిచోట్ల సర్కారు తుమ్మ అంటారు. పేరు ఏదైనా చెరువుకట్టల మీద, కాలవగట్ల వెంట, బీళ్లలో, యజమాని రెండేళ్లు చూడని ప్రతి దొడ్లోనూ అది హాజరు.

కొత్తపట్నం వైపు అలాంటి దొడ్లకు కొదవలేదు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడతారు, పెద్దవాళ్లు ముందు వసారా వరకే ఊడ్చుకుంటారు. వెనక గోరింట, కాగితపూల తీగ, చిల్ల ఒకదాన్నొకటి అల్లుకుని ఎత్తయిన పొద అవుతాయి. ఎండాకాలం మొదట్లో పూత దిగుతుంది. ఓ ఉదయం బావి దగ్గరికి వెళ్లినవాళ్లకు పొద మొత్తం జుమ్మంటూ వినపడుతుంది. ఇక సలహాలకు లోటుండదు. కాగడా పెట్టమని ఒకరు, మిరపతోటకు తెచ్చిన మందు ఇంకా సీసాలో ఉంది కొట్టేద్దామని ఒకరు, కంప కొట్టే కూలీని పిలిచి పొద్దున్నే నరికించమని మరొకరు.

ఈ మూడు సలహాలూ ఒక ప్రశ్న అడక్కుండా పుట్టినవే. తేనెటీగలు ఆ పొదలో కాపురం ఉంటున్నాయా, తిండికి వచ్చి పోతున్నాయా?

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. తిండికి వచ్చిన ఈగలు పొదంతా చెదిరి ఉంటాయి. పువ్వు మీంచి పువ్వు మీదికి మారుతూ, ఎండ ఎక్కాక కొంత తగ్గుతూ, పొద్దు గూకేసరికి ఒక్కటీ మిగలకుండా వెళ్లిపోతాయి. వాటికి కాపాడుకోవలసిన ఇల్లు అక్కడ లేదు కాబట్టి, చేత్తో నలిపితేనో చొక్కాలో ఇరుక్కుంటేనో తప్ప కుట్టవు. గూడు ఉంటే లెక్క వేరు. రాకపోకలన్నీ ఒక కొమ్మ దగ్గరికే సాగుతాయి, పూలను పట్టించుకోకుండా తిన్నగా లోపలికి దూసుకుపోయే ఈగలు కనిపిస్తాయి. చీకటి పడ్డాక నాలుగైదు బారల దూరం నుంచి టార్చిలైటు వేసి చూస్తే ఆకుల మధ్య నల్లగా, నిగనిగలాడుతూ ముద్ద కనపడుతుంది. లైటు అద్దానికి ఎర్ర కాగితం చుట్టుకుంటే మంచిది, ఎర్రటి వెలుగు తేనెటీగల కంటికి ఆనదు.

మూడో సంగతి కూడా ఉంది. ఒక్కోసారి పట్టేమీ లేకుండా ఈగలు గుత్తిగా కొమ్మకు వేలాడతాయి. పాత గూడు విడిచి కొత్త చోటు వెతుక్కునే గుంపు అది. వేగు ఈగలు చోటు ఖాయం చేసి రాగానే, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో, గుత్తి లేచిపోతుంది. ఇక్కడ చేయాల్సిందల్లా పిల్లల్ని అటు పోనివ్వకుండా చూడటం.

పొదలో నిజంగా గూడే ఉంటే అది దాదాపుగా చిన్న తేనెటీగది. శాస్త్రజ్ఞులు దీన్ని ఏపిస్ ఫ్లోరియా అంటారు, డెన్మార్క్‌కు చెందిన ఫాబ్రిషియస్ 1787లో పెట్టిన పేరు అది. పెద్ద తేనెటీగ, అంటే ఏపిస్ డార్సేటా, పొదల్ని లెక్కచెయ్యదు. దానికి ఎత్తయిన మర్రికొమ్మలు, నీళ్లట్యాంకులు, అపార్టుమెంట్ల చూరులు కావాలి. పుట్టతేనె పెట్టే ఏపిస్ సెరానాకు చెట్టుతొర్రో, పుట్టో, గోడసందో, ఏదో ఒక చీకటి గది ఉండాలి. చిన్న ఈగ ఒక్కటే మనిషి ఎత్తులో, ఆకుల నీడలో, సన్నటి కొమ్మ చుట్టూ ఒకే ఒక్క పట్టు కడుతుంది. పట్టు అరచేతి నుంచి రెండు చేతుల వెడల్పు దాకా ఉంటుంది. పైన కొమ్మను కప్పుతూ ఉబ్బెత్తుగా తేనె, కింద పిల్లల గదులు. ఈగ పొట్ట మొదట్లో ఇటుకరంగు, తర్వాత తెలుపు నలుపు చారలు. ముల్లు చిన్నది, కోపం తక్కువ. తేనె మాత్రం గ్రాముల్లోనే, దాని కోసం గూడు పాడుచేయడం దండగ.

ఈ చిన్న ప్రాణి కాపురం చూడముచ్చటగా ఉంటుంది. కూలి ఈగల్లో ఎక్కువ భాగం బయట తిరగవు. పట్టు మీద ఒకదాన్నొకటి పట్టుకుని తెరలా పరుచుకుని లోపలి పిల్లలకు ఎండ, చలి, వాన తగలకుండా కాస్తాయి. గూడు ఉన్న కొమ్మకు అటూ ఇటూ చెట్టుబంక తెచ్చి జిగురుపట్టీలు వేస్తాయి. గండుచీమ అక్కడికొచ్చి అంటుకుపోవాల్సిందే. పట్టు ఎందుకు బతికుందో తెలియాలంటే కత్తి పెట్టేముందు ఆ జిగురు ఒకసారి చూడాలి.

తేనెటీగల నాట్యాన్ని చదివి 1973లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950లలో జర్మనీ నుంచి సింహళం వచ్చింది ఈ ఈగల కోసమే. తొర్రల్లో ఉండే ఈగ చీకట్లో, నిలువు పట్టు మీద ఆడుతుంది. సూర్యుడున్న దిక్కును అది ‘పైకి’ అని మార్చి చెప్పాలి. చిన్న తేనెటీగకు ఆ తిప్పలు లేవు. కొమ్మ మీద చదునుగా ఉన్న పట్టు నెత్తిన, ఆకాశం కింద నిలబడి పూలున్న దిక్కుకే తిన్నగా ఆడి చూపిస్తుంది. తేనెటీగల భాష మొదట్లో ఇలాగే ఉండి ఉంటుందని లిండావర్ ఊహ. ఆయన సింహళం దాకా వచ్చి చూసిన ఆ ఆట మన పెరట్లో ఊరికే జరుగుతోంది.

చిన్న తేనెటీగకున్న ఇంకో గుణం పెరటి యజమానికి నేరుగా పనికొస్తుంది. అది ఒక చోట పాతుకుపోదు. ఎండ ముదిరినా, పూత అయిపోయినా, చీమలో మనుషులో మరీ విసిగించినా పట్టు వదిలి లేచిపోతుంది. కొత్త చోటు దగ్గర్లోనే ఉంటే వెనక్కి వచ్చి పాత పట్టు మైనాన్ని గిల్లుకుని పట్టుకెళుతుంది, మైనం తయారుచేయడం ఖరీదైన పని మరి. ఎంత తిరుగుబోతంటే, 1985లో ఆఫ్రికాలోని సూడాన్‌లో కూడా కనిపించింది. ఖార్తూమ్‌కు సరుకులతో పాటు వచ్చిందనుకుంటున్నారు. ఒమన్‌లో దీన్ని సాకేవాళ్లే ఉన్నారు. ఖర్జూరపు తోటల్లో, కొండచరియల నీడలో దొరికిన పట్టును కొమ్మతో సహా తెచ్చి, చీల్చిన పుల్లల మధ్య బిగించి, అనువైన చోట నిలబెడతారు.

కాబట్టి గూడు దారికి అడ్డం లేకుంటే కొన్ని వారాలు ఓపిక పట్టడమే అన్నిటికన్నా చౌకైన వైద్యం. గూడు బావిగట్టుకో, మరుగుదొడ్డి తలుపుకో ఆనుకుని ఉంటే ఓపిక కుదరదు. అప్పుడు తేనె తీయడం తెలిసిన మనిషిని పిలవాలి. చీకటి పడేవేళ ఈగలన్నీ ఇంటికి చేరాక, ఎండు పిడక పొగ కొద్దిగా చూపించి, పట్టుకు అటూ ఇటూ మూర చొప్పున కొమ్మ వదిలి కోసి, అదే వాలులో నీడపట్టున వేరే చెట్టుకు కట్టేస్తారు. పట్టును తలకిందులు చేసినా, పక్కకు వాల్చినా పని చెడుతుంది. చోటు నచ్చకపోతే ఈగలు కొద్దిరోజుల్లో వెళ్లిపోతాయి, దాంతో పెరటివాళ్లకు నష్టమేమీ లేదు.

పొగ దగ్గర ఓ మాట. కుట్టిన తేనెటీగ గాలిలోకి వదిలే హెచ్చరిక వాసన అరటిపండు వాసనలా ఉంటుంది, దాన్ని పసిగట్టి మిగతావి మీదికొస్తాయి. పొగ ఆ వాసనను కమ్మేస్తుంది. ఇంటికి నిప్పంటుకుందనుకుని ఈగలు తేనె మింగడంలో పడతాయి. ఇందుకు కాస్త పొగ చాలు. కాగడా పెడితే రెక్కలు కాలిన ఈగలూ, రేగిన ఈగలూ, ఎండుకంపకు అంటుకున్న మంటా మూడూ ఒకేసారి మీద పడతాయి. ఎండాకాలంలో పాకలున్న వీధిలో అది చేయదగిన పని కాదు.

పొదలో ఉన్నవన్నీ తేనెటీగలే అనుకోవడమూ పొరపాటే. నడుం సన్నగా, కాళ్లు వేలాడేస్తూ ఎగిరేది కందిరీగ. దాని గూడు కాగితంలా బూడిదరంగులో ఉంటుంది, తేనె ఉండదు, అది ఎన్నిసార్లయినా కుట్టగలదు. కందిరీగ గూడు గుమ్మం పక్కన ఉంటే తీయించడమే మేలు. నల్లగా లావుగా ఉండే తుమ్మెద ఒంటరి జీవి, ఎండిన కొమ్మలకు, వెదురుకు బెజ్జం పెట్టి అందులో గుడ్లు పెడుతుంది. వంగ, టమాటా పూలలో పుప్పొడి సన్నటి రంధ్రం వెనక దాగుంటుంది. తుమ్మెద ఆ పువ్వును పట్టుకుని ఒళ్లు అదిరించి పుప్పొడి రాల్చుకుంటుంది. ఈ విద్య తేనెటీగలకు రాదు. పెరట్లో వంగమొక్కలున్నవాళ్లు పొద శుభ్రం చేసేటప్పుడు ఎండు మోడు ఒకటి రెండు మిగల్చడం లాభమే.

కుట్టించుకున్నవాళ్ల సంగతి. తేనెటీగ ముల్లు చర్మంలో విరిగి, దానికున్న విషపుతిత్తితో సహా ఉండిపోయి ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. గోటితో గీకాలా, వేళ్లతో లాగాలా అని ఆలోచిస్తూ కూర్చోకూడదు, ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. సున్నం రాసినా లోపలికి దిగిన విషాన్ని అది చేరదు. చన్నీళ్లో ఐసుముక్కో వాపు తగ్గిస్తాయి. కుట్టిన చోటు వాస్తే కంగారు అక్కర్లేదు. కానీ ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం, కళ్లు తిరగడం మొదలైతే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. అప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షనే. ఇంట్లో ఇదివరకు అలా జరిగిన మనిషి ఉంటే ఓపిక పట్టే సలహా వాళ్లకు వర్తించదు.

ఇంత చేసి ఈగల్ని నిలబెట్టడం ఎందుకని అడిగేవాళ్లుంటారు. కొత్తపట్నం ఇసుకపట్టీ దాటి పడమటికి పోతే రేగడి నేలలు మొదలవుతాయి. అక్కడి నుంచి గుంటూరు దాకా పత్తి, మిరప. ఈ రెండింటికీ ఈగ లేకపోయినా ఎంతోకొంత కాపు వస్తుంది, సొంత పుప్పొడితో సర్దుకుంటాయి. పొద్దుతిరుగుడుకు, గుమ్మడికి, దోసకు, కాకరకు అలా కాదు. దోసపాదులో ఆడపువ్వు దాకా పుప్పొడి మోసేవాళ్లు లేకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సి. సుబ్బారెడ్డి, ఆయన తర్వాత ఎ.జె. సాలమన్ రాజు ఏ మొక్కకు ఏ పురుగు పుప్పొడి మోస్తుందో ఏళ్ల తరబడి గమనించారు. మన ఊళ్లలో దడికి వేసే అడవి ఆముదం మీద సాలమన్ రాజు, ఎజ్రాదానం రాసిన పత్రం 2002లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆ మొక్కలో 29 మగపూలకు ఒక్క ఆడపువ్వు ఉంటుందని వాళ్ల లెక్క. అంత పలచగా ఉన్న ఆడపూలను వెతుక్కుంటూ పోయేది పురుగే.

పత్తి, మిరప చేలలో ఈగకు తిండితో పాటు విషమూ దొరుకుతుంది. పత్తి పూత లేనప్పుడు కూడా ఆకు అడుగున ఈనె మీద తీపి ఊరుతుంది, దానికోసం వచ్చిన ఈగ మీద పురుగుమందు పడుతుంది. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చేసినప్పుడు రైతులు ఏ మందు దొరికితే అది, ఎన్నిసార్లు కుదిరితే అన్నిసార్లు కొట్టారు. వాళ్లను తప్పుపట్టడం సులువు, ఎకరానికి లక్షలు పెట్టినవాడి చేతిలో ఇంకేం ఉంది? ఇమిడాక్లోప్రిడ్‌తో పాటు అదే జాతి మందులు రెండింటిని తేనెటీగల మేలు కోరి ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. ఇక్కడ అవి మామూలు సరుకే. ఇలాంటి మైదానంలో మందు పడని పచ్చదనం ఎక్కడుంది? కాలవగట్ల మీద, ఇళ్ల వెనక దొడ్లలోనే. అందుకే మిరపకు మిగిలిన మందును పెరటి పూత మీద కొట్టడం అన్ని సలహాల్లోకీ చెడ్డది. గూడును అది ఒక్కసారిగా చంపకపోయినా, విషం తాగిన ఈగలు ఇంటికి మోసుకెళ్లి పిల్లలకు పెడతాయి.

అలాగని చిల్లకంపను నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఈగకు అది మంచి తిండే, దాని తేనె లేతరంగులో బాగుంటుంది. చుట్టుపక్కల గడ్డిని, మొక్కల్ని మాత్రం బతకనివ్వదు. తమిళనాడులో దాన్ని పీకెయ్యాలని 2017లో మద్రాసు హైకోర్టు ఉత్తర్వులిచ్చి, కొన్ని నెలలకే ఆ పనిని ఆపించింది. తీయాలా వద్దా అన్న తగువు అప్పట్లో అక్కడా తెగలేదు. పెరట్లో అయితే తీయాలి, ఒక్క రోజులో కాకుండా విడతలుగా. పూత రాలాక, గూడు లేదని రాత్రి టార్చిలైటుతో చూసుకున్నాక, ఈ ఏడు మూడోవంతు, వచ్చే ఏడు మరికొంత. పైపైన నరికితే మొదట్లోంచి పది పిలకలు లేస్తాయి, వేరుమొదలు గడ్డపారతో పెళ్లగించాల్సిందే. గోరింటను, కాగితపూలను పూత అయ్యాక నడుమెత్తుకు కత్తిరిస్తే చాలు. ఖాళీ అయిన పట్టు కనపడితే వారం రోజులు అలాగే వదిలెయ్యాలి, మైనం కోసం వచ్చే ఈగలు రావచ్చు. చిల్ల తీసిన గుంటలో తొలకరికి మునగకొమ్మ పాతితే ఇసుకనేలలో ఏడాది తిరక్కుండా పూతకొస్తుంది. పక్కన తులసి నాలుగు మొక్కలు కంకి తుంచకుండా వదిలితే మునగపూత లేని నెలల్లోనూ ఈగకు తిండి ఉంటుంది.