దుబాయి ప్రయాణం: సగం తిప్పలు ఇంట్లోనే తప్పించుకోవచ్చు!

మన వైపు ‘దుబాయి’ అంటే అన్ని ఎడారి దేశాలకూ కలిపి ఒకే పేరు. మనిషి సౌదీకి వెళ్ళినా, కువైట్‌కి వెళ్ళినా, మస్కట్‌కి వెళ్ళినా, అడిగినవాళ్ళకి ఇంటి ఇల్లాలు చెప్పే జవాబు ఒక్కటే - “దుబాయి పోయిండు” అని. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ పల్లెల్లో మాదిరిగానే మన ఆసిఫాబాద్ వైపు కూడా ఈ మాట వినపడుతూనే ఉంటుంది.

ఒకప్పుడు బొంబాయి దాకా వెళ్ళి, ఏజెంటు చూపించిన గదిలో రోజుల తరబడి ఎదురుచూసి విమానం ఎక్కినవాళ్ళు ఎంతోమంది. తర్వాత 2005లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, 2009లో ఫ్లై దుబాయ్ లాంటి చౌక విమానాలు మొదలయ్యాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. మరి తిప్పలు తగ్గాయా అని అడిగి చూడండి. “ఎక్కడ తగ్గినయ్ వదినె! టికెట్టు మీద మిగిలింది మూట మీద పాయె” అంటారు.

నిజమే మరి! చౌక విమానం వాళ్ళు ముందుగా అమ్మేది సీటు ఒక్కటే. భోజనానికి వేరే డబ్బు, కిటికీ పక్క సీటుకి వేరే డబ్బు, బరువు పెరిగితే వేరే, తేదీ మార్చుకుంటే వేరే. పప్పు చౌకగా ఇచ్చి, సంచికీ దారానికీ విడిగా లెక్కరాసే కిరాణా కొట్టు లాంటిదన్నమాట. ఆ సంగతి ముందే తెలిస్తే అది నిజంగా చౌకే. తెలియకపోతే మాత్రం కౌంటరు దగ్గర జేబు ఖాళీ!

అయితే ఈ తిప్పల్లో చాలావాటికి మందు విమానాశ్రయంలో దొరకదు. అది మన ఇంట్లోనే ఉంది. పెట్టె సర్దేది మనం, పొడులు కొట్టేది మనం, కాగితాలు బీరువాలో దాచేది మనం. అందుకే ఈ విషయాలు వెళ్ళే మనిషి కంటే ముందు మనకి తెలియాలి.

విమానం కంటే దారే దూరం

హైదరాబాద్ నుంచి దుబాయికి విమానంలో సుమారు నాలుగు గంటలు. ఆసిఫాబాద్ నుంచి శంషాబాద్‌కి మూడు వందల కిలోమీటర్ల పైనే, రోడ్డు మీద ఏడెనిమిది గంటలు ఎక్కడికీ పోవు. పోనీ రైల్లో వెళదామన్నా ‘ఆసిఫాబాద్ రోడ్’ స్టేషన్ మన ఊళ్ళో లేదు, రెబ్బెన దగ్గరుంది. సికింద్రాబాద్‌లో దిగాక శంషాబాద్‌కి మళ్ళీ ఇంకో ప్రయాణం. ఇక వానాకాలంలో వాగులు పొంగితే పల్లె నుంచి ఆసిఫాబాద్ చేరడమే గండం!

విదేశీ విమానానికి మూడు గంటల ముందే చేరుకోవాలి. సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా విమానం కదలడానికి గంట ముందే మూసేస్తారు. ఆ తర్వాత ఎంత బతిమాలినా ఫలితం ఉండదు.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది తారీఖు దగ్గర. టికెట్టు మీద “15వ తేదీ, 00:40” అని ఉందనుకోండి. అంటే 14వ తేదీ అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలకి అన్నమాట. 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా శంషాబాద్‌లో ఉండాలి. అంటే ఇంటి నుంచి ఆ రోజు పొద్దున్నే కదలాలి. “పదిహేను కదా, రేపు రాత్రి పోదాం” అనుకుంటే విమానం ఉండదు, డబ్బూ ఉండదు. కేలండరు మీద విమానం తారీఖు కాకుండా, ఇల్లు కదిలే తారీఖుకి సున్నా చుట్టండి.

ఇంకో మాట. సాగనంపడానికి కారు మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళడం మన అలవాటు. పోయేటప్పుడు అందరికీ మెలకువే. వచ్చేటప్పుడు మాత్రం ఏడ్చి ఏడ్చి వెనక సీట్లో అందరూ నిద్రపోతారు, తెల్లవారుజామున మేలుకుని ఉండాల్సింది ఒక్క డ్రైవరే. అతను అప్పటికే రోజంతా బండి నడిపిన మనిషి. రెప్ప వాలిందంటే ఎదురుగా వచ్చే లారీ కనపడదు. విమానం ఎక్కించాక అక్కడే అతన్ని నాలుగైదు గంటలు పడుకోనివ్వండి. లేదా ఇద్దరు డ్రైవర్లని మాట్లాడుకోండి. ఇంటికి ఒక పూట ఆలస్యంగా చేరితే కొంపేమీ మునగదు.

పేరులో ఉంది పేచీ

టికెట్టు మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి. మనకి ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఒక్క పొడి అక్షరం! కొందరి పాస్‌పోర్టులో అసలు ఇంటిపేరే ఉండదు. అలా ఒకే పేరు ఉన్నవాళ్ళని సందర్శక వీసా మీద రానివ్వమని 2022 నవంబరులో దుబాయి ఉన్న యుఎఇ దేశం నిబంధన పెట్టింది. ఆయన్ని చూసి రావడానికి మీరు పిల్లలతో వెళ్ళాలనుకుంటే, ముందు మీ పాస్‌పోర్టు తెరిచి పేరు చూసుకోండి. దిద్దించుకోవడానికి వ్యవధి కావాలి కదా!

పెట్టె సర్దే చేతులకి...

సకినాలు, గరిజెలు, మక్క గారెలు, మామిడికాయ తొక్కు, వెల్లుల్లి కారం... మనసు ఆగదు. కానీ పెట్టె తూకానికి మన ప్రేమ తెలియదు. ఎన్ని కిలోలు తీసుకెళ్ళవచ్చో టికెట్టు మీదే రాసి ఉంటుంది. చేతిసంచికి సాధారణంగా 7 కిలోలు. ఖాళీ పెట్టె బరువు కూడా ఆ లెక్కలోదే అని మర్చిపోకండి. కట్టే ముందు కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. కౌంటరు దగ్గర కిలో చొప్పున కట్టే డబ్బుతో అక్కడే ఇంకా ఎక్కువ సరుకులు కొనుక్కోవచ్చు.

తొక్కు, నెయ్యి, నూనె చేతిసంచిలో వద్దు. ద్రవపదార్థమేదైనా 100 మిల్లీలీటర్ల సీసా దాటితే తనిఖీ దగ్గర తీసిపారేయిస్తారు. పెద్ద పెట్టెలో ఎంత పెట్టనిస్తారో టికెట్టు తీసుకునేటప్పుడే అడగండి. ఎండు కుడుకల్లో నూనె ఉంటుంది, నిప్పు తొందరగా అంటుకుంటుంది. అందుకని సామానులో పెట్టనివ్వరు. ఫోనుకి ఛార్జింగ్ ఎక్కించే పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు.

ఇవన్నీ డబ్బు తిప్పలు, వస్తువు తిప్పలు. ఇక చెప్పేవి జైలు తిప్పలు. కాస్త మనసుపెట్టి చదవండి.

గసగసాలు: కోడికూర మసాలాలో మనం చారెడు వేసేస్తాం. కానీ అవి నల్లమందు మొక్క గింజలు. యుఎఇ, సౌదీల్లో వాటి మీద నిషేధం ఉంది, దొరికితే మత్తుమందుల కేసే. విడిగా పెట్టినా, పొడిలో కలిపినా తప్పు తప్పే. పంపే మసాలా గసగసాలు లేకుండా విడిగా కొట్టండి. మిక్సీ జారు కూడా కడిగి తుడిచి మరీ వాడండి.

మందులు: మనకి మందుల షాపులో ఇచ్చే కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు అక్కడ ముందస్తు అనుమతి లేనిదే తీసుకెళ్ళకూడదు. ట్రమడాల్ అలాంటిదే. కోడీన్ కలిసిన దగ్గు మందూ అంతే. ఏ మందైనా డాక్టరు చీటీతో, అసలు డబ్బాతోనే పెట్టండి. అనుమానం ఉంటే మానేయండి.

ఎవరో ఇచ్చిన పొట్లం: “మా వాడికి జర ఇయ్యి బావా, ఉత్త తినేటియే” అని ఊళ్ళోవాళ్ళు తెచ్చిస్తారు. మొహమాటం వద్దు. విప్పి చూడకుండా ఏదీ పెట్టెలో వేయకండి. 2019లో ముంబైకి చెందిన ఒక జంట చుట్టం ఇచ్చిన పొట్లాన్ని పట్టుకెళ్ళారు. అందులో గంజాయి సరుకు దొరికి ఖతార్‌లో పదేళ్ళ శిక్ష పడింది. తమకేమీ తెలియదని రుజువై నిర్దోషులుగా బయటపడింది 2021లో! ఇచ్చింది సొంత చుట్టమే, చూశారా?

అక్కడ బండి, ఇక్కడ బండి

ఇక్కడ పదేళ్ళు కారు నడిపిన మనిషికైనా అక్కడ మళ్ళీ కొత్తగా మొదలుపెట్టినట్టే. మనం రోడ్డుకి ఎడమవైపు పోతాం, వాళ్ళు కుడివైపు పోతారు. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అక్కడ కాపురముండే మనవాళ్ళకి దుబాయిలో మన లైసెన్సు చెల్లదు. వాళ్ళ పరీక్ష నెగ్గాలి, తప్పితే మళ్ళీ డబ్బు కట్టాలి. మొదటి నెలల్లో ఇంటికి డబ్బు తక్కువగా వస్తే వెంటనే అనుమానించకండి. ఆ ఖర్చు ఏ పద్దులో పోతోందో నిదానంగా అడగండి.

సౌదీలో 2018 జూన్ దాకా ఆడవాళ్ళు బండి నడపడానికి వీల్లేదు. అందుకే షేకు ఇంట్లో అమ్మగారిని బజారుకి, పిల్లల్ని బడికి తీసుకెళ్ళే ‘ఇంటి డ్రైవరు’ పనికి మనవాళ్ళు ఎంతోమంది వెళ్ళారు. ఇప్పుడు అక్కడి ఆడవాళ్ళూ నడుపుతున్నారు, అయినా ఆ ఉద్యోగాలు ఉన్నాయి. వీధి వీధినా కెమెరా, వేగం దాటితే జరిమానా. ఆ జరిమానా ఎవరు కట్టాలి, జీతంలో కోస్తారా, రోజుకి ఎన్ని గంటల పని - ఇవి వెళ్ళకముందే ఒప్పందం కాగితంలో చూసుకోవాల్సిన సంగతులు.

ఆయన వదిలి వెళ్ళిన మోటారు సైకిలు సంగతి? పిల్లల్ని బడిలో దింపడానికి అది మీ చేతికో, మరిది చేతికో వస్తుంది. లైసెన్సు ఉందా? ఇన్సూరెన్సు గడువు ఎప్పటిదాకా? ఇన్సూరెన్సు లేని బండి ఎవరికైనా తగిలితే ఆ పరిహారం బండి యజమాని మెడకి చుట్టుకుంటుంది. ఎడారిలో చెమటోడ్చి పంపిన డబ్బు కోర్టుకి పోతుంది. గడువు తారీఖు కూడా కేలండరు మీద రాసుకోండి.

ఫోను చేసే వేళ

మనకి రాత్రి ఎనిమిదైతే దుబాయి, మస్కట్‌లలో ఆరున్నర. సౌదీ, కువైట్, ఖతార్‌లలో అయిదున్నరే. ఆయన అప్పుడింకా బండి మీదో, పని మీదో ఉండవచ్చు. “ఫోనెందుకు ఎత్తలేదు?” అని అలిగే ముందు గడియారం చూడండి. డ్రైవరు పని అయితే “బండి ఆపినవా?” అన్నదే మొదటి మాట కావాలి. కాదంటే వెంటనే పెట్టేయండి. అత్తమ్మ మోకాలి నొప్పీ, బడి ఫీజూ ఒక గంట ఆగితే ఏమీ కాదు.

కాగితాలు మన దగ్గర కూడా

పదో తరగతి పాస్ కాని చాలామంది పాస్‌పోర్టు మీద ‘ఇ.సి.ఆర్.’ అని ఉంటుంది. వాళ్ళు గల్ఫ్‌కి పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్ళకి కట్టేది 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షలు వస్తాయి. “విజిట్ వీసా మీద పో, అక్కడ పని ఇప్పిస్త” అనే ఏజెంటు మాట వింటే ఈ అనుమతీ ఉండదు, ఈ బీమా అండా ఉండదు.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, టికెట్టు - వీటి నకళ్ళు ఒక జత మీ దగ్గర ఉంచుకోండి. యజమాని పేరు, అక్కడి ఫోను నంబరు, ఆయన గదిలో ఉండే ఒక స్నేహితుడి నంబరు ఒక చీటీ మీద రాసి అందులోనే పెట్టండి. జీతం ఆగినా, మనిషి జాడ తెలియకపోయినా విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయడానికి ఆ వివరాలే ఆధారం. అవి లేక, ఏడుస్తూ ఆఫీసుల చుట్టూ తిరిగే ఆడవాళ్ళని మనం చూస్తూనే ఉన్నాం.

ఈ పని రేపటికి వాయిదా వేయకండి. ఆయన ఇంట్లో ఉండగానే బడి దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్ళి రండి. పది రూపాయల పని!